వేదిక దిగిన నాట్యం: ఉప్పు మళ్ళలో, రేవుల్లో, ఇసుకలో ఫొటోలు (విజయనగరం, శ్రీకాకుళం సభ్యులు సలహా ఇవ్వగలరు)

అయ్యకోనేరు_గట్టు:
అందరికీ నమస్కారం. పెళ్ళిళ్ళ ఫొటోలు నా వృత్తి, మాది విజయనగరం. నృత్య ప్రదర్శనలు కూడా చాలాకాలంగా తీస్తున్నాను. స్టేజీ ఫొటో అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు: వెనక ఫ్లెక్సీ, పక్కన మైకు స్టాండు, పైన ఊదారంగు లైటు. అమ్మాయి ఎంత గొప్పగా అభినయించినా బుగ్గలు ఊదాగా వస్తాయి, కళ్ళల్లో భావం ఆ రంగులో కొట్టుకుపోతుంది. మన ఊరు సంగీతానికీ నాట్యానికీ పేరున్న ఊరు. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. దాని మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు కాళ్ళకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి హరికథ చెప్పిన మనిషి. అలాంటి ఊళ్ళో నాట్యం ఫొటోలన్నీ ఫ్లెక్సీ ముందరే ఉండడం నాకు బాధగా ఉంది.

అందుకే ఒక వరస ఫొటోలు తీయాలనుకుంటున్నాను. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకున్న కొందరు పిల్లలు సరేనన్నారు, ఇళ్ళల్లో పెద్దవాళ్ళూ ఒప్పుకున్నారు. నేను అనుకున్న చోట్లు: నౌపడా ఉప్పు మళ్ళు, కళింగపట్నం తీరం, జనపనార గోదాము, పలాసలో జీడిపిక్కల బట్టీ ఆవరణ, నాగావళి ఇసుక, గుణుపూరు లైను రైలు పట్టాలు, ముఖలింగం గుడి, శాలిహుండం బౌద్ధ శిథిలాలు. 35 ఎంఎం, 85 ఎంఎం లెన్సులు, రెండు ఫ్లాష్‌లు ఉన్నాయి. ఈ చోట్ల గురించి తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

వెలుగునీడ:
తమ్ముడూ, జాబితా బాగుంది. కానీ ఒక్కో చోటు ఎందుకో రాయలేదు. పాడుబడ్డ గోడ ముందు పట్టుబట్టల్లో అమ్మాయిని నిలబెట్టిన ఫొటోలు ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, వరసగా కనిపిస్తాయి. ఒక నిమిషం బాగుంటాయి, తర్వాత ఏది ఏ ఊరిదో గుర్తుండదు. ఎందుకంటే ఆ గోడ తీసేసి ఇంకో గోడ పెట్టినా నాట్యంలో ఏ మార్పూ రాదు. ఆ చోటు ఆమె నిలబడే తీరుని మార్చాలి, లేకపోతే స్టూడియోలో పరదా కడితే సరిపోతుంది.

కళింగపట్నం గురించి ఒక మాట. మనది తూర్పు తీరం. పొద్దున్న సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు కాబట్టి అమ్మాయి వెనక సముద్రం పెడితే నల్లటి నీడబొమ్మే వస్తుంది. అది కావాలంటే సరే. ముఖం కావాలంటే పొద్దున్న నువ్వు సముద్రానికి వీపు పెట్టు, ఆమె వెనక పడవలూ లైట్‌హౌసూ వస్తాయి. వెనక సముద్రమే కావాలంటే సాయంత్రం వెళ్ళు, ఎండ ఊరి వైపు నుంచి వచ్చి ముఖాన పడుతుంది. మే, జూన్‌లలో మన దగ్గర ఐదుంబావుకే వెలుగొచ్చేస్తుంది, మేకప్‌కి ఎప్పుడు కూర్చోవాలో లెక్క వేసుకోండి.

అర్ధమండలి:
నేను కూచిపూడి నేర్పుతాను. మీ పోస్టులో లైటు ఉంది, లెన్సు ఉంది, చోట్లు ఉన్నాయి. పిల్లల పాదాలు లేవు. అందుకే రాస్తున్నాను.

మా పిల్లలు చెప్పుల్లేకుండా ఆడతారు. అర్ధమండలిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చుని, అడుగు తట్టారంటే ఒంటి బరువంతా అరికాలి మీదే. మట్టినేల, చెక్కనేల ఆ దెబ్బని కొంత మింగుతాయి. సిమెంటు మింగదు, మడమకీ మోకాలి కింది ఎముకకీ తిప్పి కొడుతుంది. రేవు దగ్గర సిమెంటు మెట్ల మీద 'ఇంకొక్కసారి అమ్మా, ఇంకొక్కసారి' అని జతి (తాళానికి కట్టిన అడుగుల వరస) పదిసార్లు ఆడిస్తే మర్నాడు ఆ పిల్ల క్లాసుకి కుంటుకుంటూ వస్తుంది. ఇసుక సంగతి వేరు. అడుగు దిగిపోతుంది, తట్టు మోగదు, చీలమండ పక్కకి వాలుతుంది. అక్కడ గెంతులూ, గిరగిరా తిరిగే భ్రమరులూ పెట్టుకోవద్దు. అభినయం, చూపు, చేతులు, ఒక నిలకడైన భంగిమ, ఇవి ఇసుకలో ఎంతసేపైనా చేయించుకోండి. కూచిపూడిలో అంచు మీద నిలబడి ఆడే తరంగం పళ్ళెం పట్టుకెళ్తామని ఎవరో తప్పకుండా అంటారు. పళ్ళెం జరగాలంటే గట్టి నేల, చదును నేల కావాలి. ఇసుకలో అంచు కూరుకుపోతుంది, కదలదు.

ఎక్కడికెళ్ళినా ముందు మీరే చెప్పులు విప్పి, పిల్ల ఆడబోయే చోటంతా నడవండి. పదకొండు గంటల ఎండలో రాతి మీద మీరు నిలబడలేకపోతే తనూ నిలబడలేదు. తను చెప్పదు, గురువు పంపిన చోట నొప్పని చెప్పే అలవాటు మా పిల్లలకి లేదు.

అయ్యకోనేరు_గట్టు:
మేడమ్, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఒక్కో చోటా నేలని బట్టి ఏ అంశం చేయాలో మీరే చెబుతారా? ఫొటోకి ఏది బాగుంటుందో తర్వాత చూసుకుంటాను.

పలాస_జీడి:
జీడి బట్టీ ఆవరణ మాత్రం వద్దు అన్నా. పిక్క పెంకులో ఉండే రసం ఒంటికి తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు ఒకసారి దగ్గర్నుంచి చూడండి, కొసలు నల్లగా మాడి ఉంటాయి. నూనె రాసుకుని, బూడిద అద్దుకుని పనిలో కూర్చుంటారు. ఆ పెంకులు పడ్డ నేల మీద ఒట్టి కాళ్ళతో అడుగు కూడా వేయించవద్దు. మా వైపు జీడితోటలున్నాయి, చెట్ల కింద ఎండుటాకుల మీద వెలుగు చుక్కలు చుక్కలుగా పడుతుంది. అక్కడికైతే నేను తీసుకెళ్తాను. ఆకులు ఊడ్చి, తేళ్ళూ పాములూ లేవని చూసుకున్నాకే.

నిర్వాహకుడు:
గుణుపూరు లైను గురించి నేను చెప్పాలి. రైలు పట్టాల మీద ఫొటోలకి ఈ వేదికలో సలహాలు ఇవ్వం. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంతకన్నా ముఖ్యం, పాట పెట్టుకుని తాళం మీద ధ్యాస పెట్టిన పిల్లకి వెనక వచ్చే బండి వినిపించదు. ఆ లైను పాత చిన్నబండి లైను కాదు, బ్రాడ్‌గేజ్ అయి చాలా ఏళ్ళయింది. ఆ పేరు జాబితాలోంచి తీసేయండి.

అయ్యకోనేరు_గట్టు:
తీసేశాను. జీడి బట్టీ కూడా.

నౌపడా_కుర్రోడు:
ఈ పోస్టు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా అమ్మ ఉప్పు మళ్ళల్లో పని చేసింది. ఇప్పటికీ మా వీధిలో సగం మంది చేస్తున్నారు.

మా మళ్ళు ఫొటోకి అందంగా ఉంటాయి, కాదనను. గట్ల మధ్య నీళ్ళు అద్దంలా ఉంటాయి, తెల్లటి కుప్పలు వరసగా ఉంటాయి. పట్నం నుంచి కెమెరాలు వస్తూనే ఉంటాయి. వచ్చినవాళ్ళు ఏం చేస్తారంటే, ముందు తమ మనిషిని నిలబెట్టి, వెనక ఉప్పు లాగుతున్న ఆడవాళ్ళని మసకగా పెట్టి తీసుకుంటారు. 'కొంచెం అలాగే వంగి ఉండమ్మా' అంటారు. ఎండ ముదిరేలోగా పని అవ్వాలని చీకటితో వచ్చిన మనిషిని అలా వంగి ఉండమంటే ఎలా ఉంటుందో చెప్పండి. ఆ ఫొటో ఎక్కడికి వెళ్ళిందో, ఎవరు చూశారో మా వాళ్ళకి తెలియదు. ఒక్క కాపీ కూడా మా ఊరికి రాలేదు.

ఉప్పు మడిలో కాలు పెడితే ఏమవుతుందో కూడా వినండి. మామూలు కాలికి ఏమీ కాదు, చల్లగానే ఉంటుంది. మడమ పగులున్నా, గజ్జె ఒరుసుకున్న గీత ఉన్నా మంట నెత్తికెక్కుతుంది. గట్టు మీద ఎండిన ఉప్పు పలుకులు గాజుపెంకుల్లా కోస్తాయి. అమ్మ కాళ్ళు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటాయి: పాదం చుట్టూ తెల్లగా పొరలు పొరలుగా లేచిన చర్మం, వేళ్ళ సందుల్లో ఎర్రటి చీలికలు. రాత్రి కొబ్బరినూనె పెట్టుకుని గుడ్డ చుట్టుకునేది. నాట్యం నేర్చుకున్న అమ్మాయి పాదాలకి పారాణి పెట్టి అదే మడిలో నిలబెడితే, ఆ రెండు జతల పాదాలూ ఒకే మడిలో ఉన్నాయన్న సంగతి ఫొటోలో ఉండాలి. అది లేకపోతే మా ఊరు రావద్దు. కోపంతో కాదు, నిజంగా అడుగుతున్నాను.

అయ్యకోనేరు_గట్టు:
తమ్ముడూ, నీ పోస్టు చాలాసార్లు చదివాను. మసకగా ఎవరినీ పెట్టను. పనిచేసేవాళ్ళని ముందు కలుస్తాను, కెమెరా లేకుండా. ఒప్పుకున్నవాళ్ళే ఫొటోలో ఉంటారు, ఆగిన పని గంటలకి కూలి నేనిస్తాను, అచ్చు వేసిన ఫొటోలు ఇంటింటికీ తెచ్చిస్తాను. పాదాల మాట, అది నాకు తట్టని ఫొటో. అది తీస్తే నీ ఆలోచన అని రాస్తాను.

చిరుమువ్వ:
నేను డిగ్రీ చదువుతున్నాను, ఎనిమిదో ఏట నుంచి నాట్యం. నాగావళి ఇసుకలో ఒకసారి ఫొటోలు తీయించుకున్నాను కాబట్టి ఆడేవాళ్ళ వైపు నుంచి చెబుతాను.

స్టేజీ మీద నాకు ఎదురుగా చీకటి, లైటు కళ్ళల్లో కొడుతుంది, ఎవరూ కనిపించరు. ఇసుకలో అన్నీ కనిపించాయి. గాలికి పైట ఎగిరింది, జడ బరువు ఒక పక్కకి లాగింది. 'కృష్ణుడెక్కడ' అని వెతికే చూపు స్టేజీ మీద ఎప్పుడూ కుడి మూల స్పీకరు వైపు చూసి చేసేదాన్ని. అక్కడ నిజంగా దూరం ఉంది. ఏటి అవతలి ఒడ్డున ఎవరో గేదెల్ని కడుగుతున్నారు, నా చూపు అంత దూరం వెళ్ళింది. మా టీచరు ఆ ఫొటో చూసి, 'ఇన్నేళ్ళూ నీ చూపు నాలుగు గజాల దగ్గర ఆగిపోయేది' అన్నారు. వెలుగునీడ గారు చోటు నాట్యాన్ని మార్చాలి అన్నది నాకైతే అలా జరిగింది.

ఒక విన్నపం. అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి చోటు ముందే చూడండి. తోడుగా ఇంట్లో ఆడవాళ్ళు ఒకరు ఉండాలి. నది ఒడ్డున చుట్టూ ఫోన్లు పట్టుకుని కుర్రాళ్ళు మూగితే భావం రాదు, భయం వస్తుంది.

వంశధార_ఒడ్డు:
ముఖలింగం, శాలిహుండం రెండూ కేంద్ర పురావస్తు శాఖ కిందివి. చేత్తో కెమెరా పట్టుకుని తీసుకోవచ్చు. స్టాండ్లు, లైట్లు, వేషం కట్టిన మనుషులతో తీయాలంటే ముందే రాసి అనుమతి తెచ్చుకోవాలి. ముఖలింగంలో మధుకేశ్వరుడికి నిత్యపూజలు జరుగుతాయి, అర్చకులతో కూడా మాట్లాడుకోవాలి. ఆ గుడి గోడల మీద నాట్యభంగిమల శిల్పాలున్నాయి. మీ అమ్మాయిని పక్కన నిలబెట్టి అదే భంగిమ పట్టించే ఫొటో అందరూ తీస్తారు, మీరు తీయకండి. ఆ శిల్పం ముందు మామూలు చీరలో కూర్చుని చేతిని అలా తిప్పి చూసుకుంటున్న అమ్మాయి, తను ఎలా నేర్చుకుంటుందో, అది తీయండి.

ఇంకో రెండు చోట్లు ఎవరైనా సూచిస్తారని ముందే చెబుతున్నాను. తేలినీలాపురంలో పెలికాన్లూ ఎర్రకాళ్ళ కొంగలూ ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు పెట్టుకుంటాయి. అవి ఉన్న నెలల్లో డ్రోను, మృదంగం, ఫ్లాష్ ఏదీ వద్దు. అక్కడి ఊరివాళ్ళు తరాలుగా వాటిని కాపాడుకుంటున్నారు. బారువ తీరంలో శీతాకాలం నుంచి వేసవి మొదటి దాకా తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పిల్లలు పుట్టగానే వెలుగున్న వైపు పాకుతాయి, రాత్రి మీరు లైటు పెడితే సముద్రం వదిలి లైటు వైపు వచ్చేస్తాయి.

వెలుగునీడ:
మంచి మాటలు. ఉప్పు మళ్ళకి పనికొచ్చేవి నేను రెండు చెబుతాను. తెల్లటి ఉప్పు చూసి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని ఫొటోని చీకటి చేస్తుంది. ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు (కెమెరాలో వెలుగు కొలత) ఎక్కువ ఇవ్వు. ఉప్పు బూడిదరంగులో రాకూడదు, మనిషి ముఖం నల్లబడకూడదు. నీళ్ళల్లో ప్రతిబింబం కావాలంటే పోలరైజర్ ఫిల్టరు తీసెయ్, అది పెడితే ప్రతిబింబమే పోతుంది. కింద నుంచి నీళ్ళు వెలుగుని పైకి కొడతాయి కాబట్టి గడ్డం కింద నీడ ఉండదు, ఫ్లాష్ పనే లేదు. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళతో కడుగు, లేకపోతే మరలు తుప్పు పడతాయి.

అన్నిటికన్నా పెద్ద మాట: జతి నేర్చుకో. గెంతు గాల్లో ఆగే క్షణం కోసం షట్టరు 1/1000 సెకనుకి పెట్టి బరబరా నొక్కితే గాల్లో ఉన్న కాళ్ళు దొరుకుతాయి, నాట్యం దొరకదు. అడుగు సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీద పడి, చేయి పూర్తిగా సాగి, కళ్ళు చేతిని చేరుకునే ఒక చోటుంది. తాళం చెవిన పడితే వేలు దానంతటదే ఆ చోట నొక్కుతుంది.

తప్పెట_దండు:
బాబూ, మాది తప్పెటగుళ్ళ బృందం. మా అబ్బాయి సేత టైపు సేయిస్తన్నాను. మీరంతా స్టేజీ ఒదిలీసి బయిటికెల్తామంతన్నారు. మాకు స్టేజీయే కొత్త. మా తాతలు మందల కాడ ఆడినారు, వానల్లేకపోతే గంగమ్మ తల్లికి మొక్కి ఆడినారు, సంబరాల్లో ఈదుల్లో ఆడినారు. రొమ్ము మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు. పదిహేను మందిమి గుండ్రంగా తిరగాలంటే స్టేజీ మీద మోచేతులు తగులుకుంతాయి. పొలంలోనైతే గుండ్రం ఎంత పెద్దదైనా నేల సాలుద్ది.

మమ్మల్ని ఫొటోలు తీసినోళ్ళు శానామంది. మనిసి మీద మనిసెక్కి గోపురం కట్టినప్పుడే అందరూ టకటకా తీసుకుంతారు. 'మల్లీ ఎక్కండి, మల్లీ ఎక్కండి' అంతారు. పైనున్న కుర్రోడి ఫొటోయే పేపర్లో వస్తాది. అడుగున నలుగురి బరువు బుజాల మీద మోసి, పళ్ళు బిగబట్టి తప్పెట వాయిస్తన్నోడి మొకం ఎవుడూ తీయలేదు. ఆడు మా బృందానికి గురువు. మీరు తీస్తారా? ఒక పూట వొచ్చీమంటే ఒక పూట కూలి పోతాది, అది మాట్టాడుకుందాం. మాకు సెట్టింగులేటీ వొద్దు, వరికోతలయ్యాక కళ్ళంలో ఆడతాం.

అయ్యకోనేరు_గట్టు:
గురువు గారూ, తప్పకుండా తీస్తాను. మీ బృందానికి ప్రదర్శనకి ఎంత ఇస్తారో అంతే ఇస్తాను, ఫొటోకి అని తగ్గించను. గోపురం ఒక్కసారే కట్టండి, నేను నేల మీద పడుకుని కింద నుంచి తీస్తాను. అడుగునున్న ఆయన ముఖమే ఫొటో.

అర్ధమండలి:
తప్పెటగుళ్ళ వారు చెప్పింది చదివి మా పిల్లలందరికీ పంపించాను.

అయితే గజ్జెల విషయంలో నా మాట గట్టిగా చెప్పాలి. గజ్జెపూజ చేసి కట్టిన గజ్జెలు అవి. కళింగపట్నం రేవులో చేపల వేలం జరిగే చోట, బురదలో, చెత్తలో అవి కట్టించడానికి నేను ఒప్పుకోను. మంచి ఫొటో కోసం కూడా ఒప్పుకోను.

చిరుమువ్వ:
మేడమ్, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. మా ఇల్లు కళింగపట్నంలో రేవు పక్కనే. మా నాన్న వల లాగి తెచ్చిన డబ్బుతోనే నా గజ్జెలు కొన్నారు. ఆ వేలం జరిగే ఇసుక నాకు మురికి నేల కాదు. అక్కడ మా అమ్మ బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. నేను గజ్జె కట్టి అమ్మ పక్కన నిలబడాలనుకుంటున్నాను.

అర్ధమండలి:
అమ్మా, నీ విషయం వేరు. అది నీ ఇల్లు. నువ్వు కట్టుకో, నేను కాదనను. వేరే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి కట్టించడం మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. అయ్యకోనేరు గారూ, ఆ ఫొటోలో ఈ అమ్మాయిని తప్ప వేరే ఎవరినీ పెట్టకండి.

వంశధార_ఒడ్డు:
బట్టల గురించి కూడా. ఉప్పుకీ ఇసుకకీ పట్టు, జరీ పాడైపోతాయి. పొందూరు ఖద్దరు చూడండి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి తీసే సన్న నూలు అది, గాలిలో పల్చగా లేస్తుంది, ఎండలో వెలుగు దానిలోంచి కనిపిస్తుంది. నాట్యానికి తగ్గట్టు కుచ్చిళ్ళు పెట్టి కట్టొచ్చా లేదా అన్నది మేడమ్ గారే చెప్పాలి.

అర్ధమండలి:
కట్టొచ్చు. కచ్చ పోసి, లోపల సరిపడా కుట్టు వేస్తే అర్ధమండలికి ఇబ్బంది లేదు. తెల్లటి ఉప్పులో తెల్లటి ఖద్దరు కలిసిపోతుందేమో ఫొటోగ్రాఫరు చూసుకోవాలి. ఎర్రంచుది తీసుకోండి.

అయ్యకోనేరు_గట్టు:
జాబితా ఇప్పుడు ఇలా ఉంది. కళ్ళంలో తప్పెటగుళ్ళు ముందు, పండక్కి ముందే. కళింగపట్నంలో చిరుమువ్వ గారూ, వాళ్ళ అమ్మగారూ, సాయంత్రం వెలుగులో. నాగావళి ఇసుకలో అభినయం మాత్రమే. ముఖలింగానికి అర్జీ ఈ వారం పంపిస్తున్నాను. జీడితోటకి పలాస అన్నతో వెళ్తాను. గోదాము ఆలోచన మానుకున్నాను, అక్కడ నాట్యానికి ఏం దొరుకుతుందో నాకు ఇప్పటికీ తెలియలేదు. నౌపడా మాత్రం ఉప్పు పని జోరు మీదున్నప్పుడు రావాలని ఉంది. ఎప్పుడు రమ్మంటావు తమ్ముడూ?

నౌపడా_కుర్రోడు:
మార్చిలో రండి. వానలు మొదలైతే పని ఆగిపోతుంది, అప్పుడు వచ్చినా ఉప్పు ఉండదు. ముందురోజు సాయంత్రమే వచ్చి మా ఇంట్లో పడుకోండి, మనుషుల్ని అప్పుడే పరిచయం చేస్తాను. తెల్లారి మళ్ళలోకి దిగేవాళ్ళతోపాటే మనమూ వెళ్దాం. అమ్మాయికి గట్టు మీద నడవడానికి మెత్తటి చెప్పులు, కాళ్ళు కడుక్కోవడానికి రెండు బిందెల మంచినీళ్ళు, కొబ్బరినూనె నేను పెట్టి ఉంచుతాను. అమ్మతో మాట్లాడాను. తన కాళ్ళు తీయడానికి ఒప్పుకుంది, ముఖం వద్దంది.